కొత్తగా పంచాయతీ కార్యదర్శిగా చేరుతున్నారా? మొదటి మూడు నెలలు ఏం చేయాలి, ఎలా చేయాలి

సెలెక్షన్ లిస్టు వచ్చిన ప్రతిసారీ కొత్తవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఆర్డర్ చేతికొచ్చింది, సోమవారం చేరాలి. వెళ్లి ఏం చేయాలి?" పరీక్ష కోసం చట్టం చదివి ఉంటారు, 73వ రాజ్యాంగ సవరణ కంఠతా వచ్చు. కానీ క్యాష్ బుక్ ఎలా ఉంటుందో, చార్జి (పాత కార్యదర్శి నుంచి బాధ్యతలు, రికార్డులు) ఎలా తీసుకోవాలో ఎవరూ చూపించి ఉండరు. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇది ముఖ్యంగా తెలంగాణ గ్రామ పంచాయతీల్లో చేరేవారి కోసం. ఇక్కడ ఆధారం 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం నడుస్తోంది, 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చి పని విభజన మారింది. అయినా రికార్డులు, పన్నులు, నీళ్ల గురించి ఇక్కడ రాసిందంతా అక్కడి వారికీ పనికొస్తుంది.

అన్నింటికంటే ముందు ఒక మాట. పుస్తకంలో ఉన్నది ఊళ్లో కనపడాలి, ఊళ్లో ఉన్నది పుస్తకంలో ఉండాలి. మెమోలు, ఆడిట్ రికవరీలు, సస్పెన్షన్లు ఎక్కువగా వచ్చేది ఈ రెండింటికీ పొంతన లేని చోటే. కింద చెప్పే ప్రతి పనికీ ఈ పొంతన ఎలా చూసుకోవాలో కూడా చెబుతాను.

చేరే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- నియామక ఉత్తర్వు, పోస్టింగ్ ఉత్తర్వు, విద్యార్హత పత్రాలు, కుల ధృవీకరణ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్: ఒరిజినల్స్‌తో పాటు మూడేసి జిరాక్సులు.
- 2018 చట్టం తెలుగు ప్రతి ఒకటి. మొత్తం చదవనక్కర్లేదు. గ్రామసభ, కార్యదర్శి విధులు, పన్నులు, భవన అనుమతుల భాగాలకు గుర్తులు పెట్టుకోండి.
- గట్టి అట్ట ఉన్న డైరీ ఒకటి. ఫోన్‌లో నోట్స్ చాలవు. ఫోన్ పోతుంది, పాడవుతుంది, మార్చేస్తాం. డైరీ మాత్రం రెండేళ్ల తర్వాత విచారణ వచ్చినా చేతిలో ఉంటుంది.
- కొలత టేపు, టార్చి లైటు, ఫోటో మీద తేదీ, స్థలం పడే కెమెరా యాప్.
- మీ పై అధికారుల వరుస: మండల పంచాయతీ అధికారి (ఎంపీఓ), మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ), డివిజనల్ పంచాయతీ అధికారి (డీఎల్‌పీఓ), జిల్లా పంచాయతీ అధికారి (డీపీఓ). ఏ విషయం ఎవరి దాకా వెళ్లాలో మొదటి వారంలోనే ఎంపీఓ గారిని అడిగి తెలుసుకోండి.

1. చార్జి: తొందరపడి సంతకం పెట్టకండి

చేరిన రోజే పాత కార్యదర్శి, లేదా పూర్తి అదనపు బాధ్యతల్లో ఉన్న పక్క ఊరి కార్యదర్శి ఒక కాగితం ముందు పెట్టి "సంతకం పెట్టండి, మిగతాది తర్వాత చూసుకుందాం" అంటారు. వాళ్లకు చెడు ఉద్దేశం ఏమీ ఉండకపోవచ్చు, బరువు దించుకోవాలనే తొందర అంతే. కానీ ఆ సంతకంతో బీరువాలో ఉన్నదీ లేనిదీ అంతా మీదవుతుంది.

జాయినింగ్ రిపోర్టు వేరు, చార్జి లిస్టు వేరు. జాయినింగ్ రిపోర్టు ఆ రోజే ఇవ్వాలి. చార్జి లిస్టు మాత్రం ఒక్కో వస్తువు చూసి, తీసుకోవాలి. ఒకరోజు చాలకపోతే రెండు రోజులు పట్టినా ఫర్వాలేదు.

తప్పకుండా చూడవలసినవి:

- క్యాష్ బుక్: చివరి ఎంట్రీ ఏ తేదీది? నిల్వ ఎంత? ఆ నిల్వ ట్రెజరీ పాస్‌బుక్‌తో, బ్యాంకు ఖాతాలతో సరిపోతోందా?
- రసీదు పుస్తకాలు: వాడినవి, సగం వాడినవి, కొత్తవి. ఒక్కో పుస్తకం తెరిచి మొదటి నంబరు, చివరి నంబరు రాసుకోండి. మధ్యలో రసీదు చిరిగి ఉంటే ఆ నంబరు చార్జి లిస్టులోనే రాయాలి.
- చెక్కు పుస్తకాలు: వాడని చెక్కుల నంబర్లు. సంతకాలు ముందే పెట్టి ఉంచిన ఖాళీ చెక్కు కనిపిస్తే దాన్ని తీసుకోకండి, ఎంపీఓ గారికి ఆ పూటే చెప్పండి.
- తీర్మానాల పుస్తకం, గ్రామసభ రిజిస్టర్, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్, జనన మరణ రిజిస్టర్లు, ఆస్తుల రిజిస్టర్, స్టాక్ రిజిస్టర్, ఎం-బుక్కులు (పనుల కొలతల పుస్తకాలు), వోచర్ల ఫైళ్లు.
- ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్, బోరు మోటార్లు, కంప్యూటర్. పుస్తకంలో నాలుగు మోటార్లుంటే నాలుగూ కళ్లతో చూడండి. రిపేరుకు ఇచ్చామంటే ఏ షాపులో ఉందో అడిగి, రాయించుకోండి.
- ఆడిట్ అభ్యంతరాల ఫైలు, కోర్టు కేసుల ఫైలు, జవాబివ్వని ఆర్టీఐ దరఖాస్తులు. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. గడువు తేదీలు మాత్రం మీరు చేరేదాకా ఆగవు.

లేని వాటికి ఎదురుగా "చూపలేదు" అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి ఆఫీసులో, ఒకటి ఎంపీడీఓ కార్యాలయానికి. పాత కార్యదర్శి ఒప్పుకోకపోతే గొడవ వద్దు. మీరు చూసినవి, చూడనివి వివరంగా రాసి ఎంపీఓ గారికి లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

సరిచూసుకోవడం: లిస్టులోంచి ఏవైనా పది వస్తువులు మీరే ఎంచుకుని వెళ్లి చూడండి. తర్వాత ఆఫీసులో కనిపించే ఏవైనా పది వస్తువులు తీసుకుని లిస్టులో ఉన్నాయో లేదో చూడండి. రెండు వైపులా చూస్తేనే తేడా బయటపడుతుంది.

2. మొదటి వారం: ఊరంతా నడవండి

బండి మీద కాదు, నడిచి. ఒక్కో రోజు రెండు మూడు వార్డులు, వెంట ఆ వార్డు సభ్యులు గానీ, ఊరి సంగతులు తెలిసిన కారోబార్ (పంచాయతీ గుమాస్తా) గానీ, వాటర్‌మ్యాన్ గానీ ఉంటే మంచిది. చేతిలో డైరీ ఉండాలి.

ప్రతి వార్డులో రాసుకోవలసినవి: నిండిన మురుగు కాలువలు, పగలు కూడా వెలిగే వీధి దీపాలు, లీకయ్యే పైపులు, కొత్తగా కడుతున్న ఇళ్లు, కూలిపోయేలా ఉన్న గోడలు, మూత లేని బావులు, రోడ్డు మీదికి జరిగిన అరుగులు, చెత్త కుప్పలు. ఎస్సీ కాలనీ, తండా, ఊరి చివరి గుడిసెలు తప్పకుండా చూడండి. నీళ్లు చివరగా అందేది అక్కడే, ఫిర్యాదులు ఆఫీసు దాకా రానిదీ అక్కడినుంచే. బడి, అంగన్‌వాడీ, వైకుంఠధామం (శ్మశానవాటిక), డంపింగ్ యార్డు, నర్సరీ కూడా ఈ వారంలోనే చూసేయండి.

సర్పంచ్ గారిని, ఉపసర్పంచ్ గారిని, వార్డు సభ్యులను విడివిడిగా కలవండి. మొదటి వారంలో ఎవరికీ మాట ఇవ్వకండి. "రాసుకున్నానండి, రూల్ చూసి చెబుతాను" అనడం అలవాటు చేసుకోండి. ఒకరి ఇంట్లో మాత్రమే భోజనం చేసి, ఇంకొకరి గడప తొక్కకపోతే ఊరు ఆ రోజే మిమ్మల్ని ఒక వర్గంలో కలిపేస్తుంది. ఆ ముద్ర పోవడానికి చాలా కాలం పడుతుంది.

ఉదయం పారిశుద్ధ్య తనిఖీ, రోజువారీ ఫోటోలు, యాప్‌లో హాజరు అన్నీ తొందరగా మొదలవుతాయి కాబట్టి వీలైనంత దగ్గరలో ఇల్లు తీసుకోండి. కార్యదర్శుల్లో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. పంచాయతీ ఆఫీసులో వాడుకోదగ్గ మరుగుదొడ్డి లేకపోతే దాన్ని మొహమాటం లేకుండా మొదటి నెల మీటింగ్ అజెండాలో పెట్టండి. వేధింపు ఎదురైతే రాతపూర్వకంగా పై అధికారికి చెప్పండి. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం జిల్లాలో స్థానిక కమిటీకి కూడా ఫిర్యాదు చేయవచ్చు.

3. డబ్బు: రసీదు లేకుండా రూపాయి ముట్టకండి

పన్ను కట్టడానికి వచ్చిన పెద్దాయన "రసీదు ఎందుకు బిడ్డా, రాసుకో చాలు" అంటాడు. చాలదు. డబ్బు తీసుకున్న చోటే రసీదు రాయండి, ఆ రోజే క్యాష్ బుక్‌లో ఎక్కించండి, వీలైనంత త్వరగా చలాన్ కట్టి జమ చేయండి. పన్ను డబ్బు మీ సొంత ఫోన్‌పేకి, గూగుల్‌పేకి వేయించుకోకండి. మర్నాడే జమ చేసినా, విచారణలో అది మీ ఖాతాలోకి వచ్చిన సర్కారు సొమ్ముగానే కనిపిస్తుంది. బిల్ కలెక్టర్ గానీ, కారోబార్ గానీ వసూలు చేస్తే సాయంత్రం రసీదు పుస్తకం, నగదు రెండూ మీ టేబుల్ మీదికి రావాలి.

వసూలైన డబ్బును జమ చేయకుండా నేరుగా బ్లీచింగ్ పౌడర్‌కో, డీజిల్‌కో ఖర్చు పెట్టడం చాలా ఊళ్లలో అలవాటు. ఊరి పనికే ఖర్చు పెట్టినా అది తప్పే. ముందు జమ, తర్వాత తీర్మానం, బిల్లు, చెల్లింపు. అత్యవసరం అనిపించిన ప్రతిసారీ ఈ వరుస తప్పితే నెల తిరిగేసరికి లెక్క మీ చేతిలో ఉండదు.

డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ పట్టికను (డీసీబీ అంటారు) ఇలా చూడండి. పాత బకాయి 1,20,000 రూపాయలు, ఈ ఏటి డిమాండ్ 3,00,000 అనుకుందాం. మొత్తం 4,20,000. వసూలు 2,50,000 అయితే మిగిలేది 1,70,000. వచ్చే ఏడాది డీసీబీలో పాత బకాయి దగ్గర సరిగ్గా ఈ 1,70,000 ఉండాలి. అది 1,40,000 అయిందంటే ముప్పై వేలు ఎక్కడికి పోయాయో ఎవరో ఒకరు చెప్పాలి. మీ పంచాయతీలో గత మూడేళ్ల డీసీబీలు పక్కపక్కన పెట్టి ఈ ఒక్క గడి చూడండి. పాత తేడా మీ చార్జి లిస్టులోకి, ఎంపీఓ గారి దృష్టికి వెళ్లాలి.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. అది పంచాయతీ డబ్బు కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టవలసింది. ఏళ్ల తరబడి కట్టని పంచాయతీలున్నాయి, ఆడిట్‌లో ఈ అభ్యంతరం మళ్లీ మళ్లీ వస్తుంది.

సరిచూసుకోవడం: డిమాండ్ రిజిస్టర్‌లోంచి ఏవైనా పది ఇళ్లు ఎంచుకుని టేపుతో వెళ్లండి. రేకుల ఇల్లని రాసిన చోట రెండంతస్తుల స్లాబ్ ఉందా? అద్దె షట్టర్లున్నాయా? తేడా కనిపిస్తే అక్కడికక్కడ పన్ను పెంచేస్తామని చెప్పకండి. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, తర్వాతే మార్పు.

4. సర్టిఫికెట్లు: పేరు మార్పిడి, ఓనర్‌షిప్ దగ్గర జాగ్రత్త

"మా నాన్న ఇల్లు, నా పేరు మీద ఎక్కించండి" అని వస్తారు. అడిగేది చిన్న పనిలా ఉంటుంది, వెనక నలుగురు అన్నదమ్ములుంటారు. రిజిస్టర్డ్ దస్తావేజు గానీ, వారసత్వానికి చెల్లే పత్రాలు గానీ లేకుండా అసెస్‌మెంట్ (పన్ను రికార్డులోని పేరు) మార్చకండి. ఇంటి పన్ను రసీదు ఆస్తి మీద హక్కు ఇవ్వదు. ఈ మాట దరఖాస్తుదారుకు ముందే చెప్పండి.

గ్రామకంఠం (ఊరి నివాస ప్రాంతం) స్థలాల్లో ఇళ్లకు ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఇమ్మని బ్యాంకు లోను కోసం ఒత్తిడి వస్తుంది. మీ దగ్గరున్న రికార్డు ఏం చెబుతుందో అంతవరకే రాయండి: "ఫలానా అసెస్‌మెంట్ నంబరు, ఫలానా పేరున పన్ను నమోదై ఉంది." అంతకు మించి ఒక్క ముక్క కూడా వద్దు. ఇచ్చిన ప్రతి కాగితానికీ నంబరు, తేదీ, ఆఫీసు కాపీ ఉండాలి.

ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు వస్తే లేఅవుట్‌కు డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) సాంకేతిక ఆమోదం ఉందా అన్నదే మొదటి ప్రశ్న. లేదంటే నోటీసు ఇచ్చి, ఫోటోలు తీసి, పై అధికారులకు రాయండి.

5. జనన మరణాల నమోదు

ఈ పని నిమిషాల్లో అయిపోతుంది గానీ తప్పు రాస్తే ఒక మనిషి జీవితమంతా తిప్పలు పడతాడు. 2023 సవరణ తర్వాత, అంటే 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి బడిలో చేర్పించడం, ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, సర్కారు ఉద్యోగం అన్నింటికీ పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. కాబట్టి పేర్లు నోటితో విని రాయకండి. తల్లిదండ్రుల ఆధార్ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి, రాసిన తర్వాత వాళ్ల చేత చదివించండి. చదువు రానివాళ్లకు మీరే గట్టిగా చదివి వినిపించండి.

గడువులు ఇవి:

- 21 రోజుల్లోపు తెలిపితే నమోదుకు ఫీజు లేదు.
- 21 దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో.
- 30 రోజులు దాటి ఏడాదిలోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి.
- ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాలి. ఎంత దగ్గరివాళ్లు అడిగినా మీ స్థాయిలో చేయకూడదు.

తరచూ జరిగే పొరపాటు: ఊరివాళ్లే కదా అని పట్టణం ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను ఇక్కడ నమోదు చేయడం. నమోదు జరగాల్సింది పుట్టిన చోట, తల్లిదండ్రులు ఉండే చోట కాదు. అలా చేస్తే ఒకే బిడ్డకు రెండు రికార్డులు తయారవుతాయి. బిడ్డకు ఇంకా పేరు పెట్టకపోతే నమోదు ఆపకండి. పేరు లేకుండానే నమోదు చేసి తర్వాత చేర్చవచ్చు: ఏడాదిలోపు ఫీజు లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుముతో.

6. నీళ్లు: ట్యాంకు దగ్గర కాదు, చివరి కుళాయి దగ్గర పరీక్షించండి

వానాకాలంలో ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైతే అందరూ మొదట అడిగేది కార్యదర్శినే. కాబట్టి ఈ పని వాటర్‌మ్యాన్‌కు వదిలేయకుండా మీరు చేతితో ఒకసారి చేసి చూడండి.

బ్లీచింగ్ పౌడర్ మంచిదైతే వెయ్యి లీటర్లకు దాదాపు రెండున్నర గ్రాములు అనేది ఆరంభ లెక్క. అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో కుమ్మరించకండి. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ ముప్పావు వంతు నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు వదిలేయండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయండి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగి నీళ్లు వదలాలి. వాటర్‌మ్యాన్‌కు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

తర్వాత క్లోరోస్కోప్ (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూసే పరికరం) తీసుకుని ఊళ్లో అన్నింటికంటే దూరపు కుళాయి దగ్గరికి వెళ్లండి. నీళ్లు కాసేపు పోనిచ్చి, గొట్టంలో పట్టి, మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. దాన్ని పక్కనున్న రంగుల పట్టీతో పోల్చాలి. మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. రంగే రాలేదంటే మూడు కారణాల్లో ఒకటి: పౌడర్ సంచి తెరిచి పెట్టడం వల్ల బలం పోయింది, మోతాదు చాలలేదు, లేదా దారిలో పైపు పగిలి మురుగు కలుస్తోంది. మూడోది అయితే ఎంత పౌడర్ వేసినా లాభం లేదు, పైపు వెంబడి నడిచి లీకేజీ పట్టుకోవాల్సిందే. మురుగు కాలువలోంచి పోయే పైపుల దగ్గర ముందు వెతకండి. మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి అయ్యే వస్తాయి గానీ మన ట్యాంకు, మన పైపులు దాటాక ఎలా ఉన్నాయో చూడాల్సింది మనమే.

ట్యాంకుల మీద కడిగిన తేదీలు రాసి ఉంటాయి. చాలా ఊళ్లలో నెలకు మూడుసార్లు, 1, 11, 21 తేదీల్లో కడగాలని పెట్టుకున్నారు. తేదీ రాసేసి కడగడం మానేసిన ట్యాంకులూ ఉన్నాయి. నెలలో ఒక్కసారైనా కడుగుతున్నప్పుడు మీరు అక్కడ ఉండండి. పైకెక్కేముందు నిచ్చెన మెట్లు తుప్పు పట్టాయేమో చూసి మరీ మనిషిని ఎక్కించండి.

7. పారిశుద్ధ్యం, ట్రాక్టర్, మొక్కలు

ట్రాక్టర్‌కు లాగ్ బుక్ పెట్టండి. పొద్దున, సాయంత్రం మీటర్ రీడింగ్, ఎన్ని ట్రిప్పులు, ఎంత డీజిల్, డ్రైవర్ సంతకం. డీజిల్ బిల్లు ఒక్కటే ఉండి లాగ్ బుక్ లేకపోతే ఆడిట్‌లో ఆ మొత్తానికి మీరే జవాబు చెప్పాలి. మల్టీపర్పస్ వర్కర్ల హాజరు పనిచేసే చోట తీసుకోండి. వాళ్ల జీతం ఆలస్యమైతే ఊరి శుభ్రత ఆలస్యమవుతుంది కాబట్టి జీతాల బిల్లు ప్రతి నెలా అన్నింటికంటే ముందు పెట్టండి. చేతి తొడుగులు, బూట్లు అడిగించుకోకుండా ఇవ్వండి. మనుషుల్ని సెప్టిక్ ట్యాంకులోకి గానీ, మ్యాన్‌హోల్‌లోకి గానీ ఏ పరిస్థితిలోనూ దింపకండి. చేతితో మలం ఎత్తే పనిని ఆపడానికి తెచ్చిన 2013 చట్టం దాన్ని నిషేధించింది, దింపిన చోట ప్రాణాలు పోయాయి.

శుక్రవారం డ్రై డే ఊరికే పెట్టింది కాదు. డెంగీ దోమ గుడ్డు నుంచి పూర్తి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి తొట్లు, డ్రమ్ములు, పాత టైర్లు ఖాళీ చేయిస్తే ఆ వరుస తెగిపోతుంది.

మొక్కల విషయంలో 2018 చట్టం కఠినంగా ఉంది. నాటినవాటిలో 85 శాతం బతకాలి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన లెక్క కాదు, బతికిన లెక్క రాయండి.

8. మీటింగులు, గ్రామసభ, తీర్మానాలు

పంచాయతీ మీటింగ్ నెలకోసారి, గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. గ్రామసభకు కోరం (కనీస హాజరు) ఉంది: 500 లోపు ఓటర్లుంటే 50 మంది, 501 నుంచి 1,000 దాకా 75 మంది, 1,001 నుంచి 3,000 దాకా 150 మంది. డప్పు చాటింపు వేయించండి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, మైకులో చెప్పించండి. సమయం ఊరి పనిని బట్టి పెట్టండి. నాట్ల రోజుల్లో పగటిపూట సభ పెడితే కుర్చీలే ఉంటాయి.

తీర్మానాల పుస్తకంలో ఈ నాలుగూ ఎప్పుడూ చేయకండి: ఖాళీ పేజీలో సంతకాలు తీసుకోవడం, చివరి తీర్మానానికీ సంతకాలకూ మధ్య జాగా వదలడం, దిద్దిన చోట పొడి సంతకం పెట్టకపోవడం, రాని సభ్యుడి సంతకం ఇంటికెళ్లి తేవడం. తీర్మానం అక్కడే, అందరి ముందు రాసి, చదివి, సంతకాలు తీసుకోవాలి. ఎవరైనా వ్యతిరేకిస్తే అది కూడా రాయండి.

పనుల బిల్లులకు ఈ వరుస ఉండాలి: తీర్మానం, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) అంచనా, మంజూరు, పని, ఎం-బుక్‌లో కొలతలు, వోచర్, చెల్లింపు. చెక్కు అధికారం సర్పంచ్, ఉపసర్పంచ్‌లకు ఉమ్మడిగా ఉంది, మీకు లేదు. అంతమాత్రాన బిల్లు బాధ్యత మీకు లేదనుకోకండి, కాగితం తయారయ్యేది మీ దగ్గరే. ఆన్‌లైన్ చెల్లింపుల డిజిటల్ కీలు, పాస్‌వర్డులు ఆపరేటర్ సొరుగులో పడి ఉండకూడదు.

సర్పంచ్ గారు రూల్‌కు సరిపడని పని చేయమంటే ఏం చేయాలి? అందరి ముందు కాదనకండి. తలుపు వేసుకుని, పేజీ తీసి చూపించండి: "సర్, ఇది ఇట్లా చేస్తే రేపు రికవరీ మీ మీద, నా మీద ఇద్దరి మీదా పడుతుంది. ఇట్లా మార్చుకుంటే పని అవుతుంది." చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది, ఎందుకంటే వాళ్లకూ పని కావాలి గానీ కేసు అక్కర్లేదు. అప్పటికీ ఒత్తిడి ఉంటే నోట్ ఫైల్‌లో రూల్ ఏమిటో, పరిస్థితి ఏమిటో రాసి, ఎంపీఓ గారి ఆదేశాలు కోరండి. నోటి మాట మీద ఏదీ చేయకండి. పై అధికారి ఫోన్‌లో చెప్పినా "తమరు ఫోన్‌లో ఆదేశించిన ప్రకారం" అని ఆ రోజే ఒక లేఖ పంపండి.

9. ఆర్టీఐ అంటే టెన్షన్ పడకండి

గ్రామ పంచాయతీలో సమాచార అధికారి మీరే. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, కాబట్టి ఫీజు కట్టలేదని తిప్పి పంపకండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ దగ్గర లేని సమాచారమైతే 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి దరఖాస్తుదారుకు తెలపాలి. ఆలస్యమైతే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా మీ జేబులోంచే పోతుంది. దరఖాస్తు వచ్చిన రోజే రిజిస్టర్‌లో ఎక్కించి, 20వ రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఉన్న కాగితం ఇవ్వడమే మీ పని. లేని పట్టికలు కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదు, ఉన్నదాన్ని దాచనూ కూడదు.

10. లంచం దగ్గర

ఇంటి నంబరుకో, పర్మిషన్‌కో ఒక కవరు టేబుల్ మీద పెడతారు. మీరు అడగకపోయినా తీసుకుంటే తప్పు తప్పే. వెంటనే, ఎదుట ఉన్న అందరికీ వినపడేలా, తిరిగి ఇచ్చేయండి. మీ తరఫున తీసుకుంటున్నానని చెప్పుకునే మనిషి ఎవరైనా ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే అతన్ని దూరం పెట్టి, ఏ పనికి ఎంత ఫీజో, ఎన్ని రోజులు పడుతుందో గోడ మీద రాయించండి. ఏసీబీ ఉచిత నంబరు 1064 కూడా ఆ బోర్డు మీదే పెట్టించండి. మీరేమీ దాచడం లేదని ఊరికి తెలుస్తుంది, దళారీకీ తెలుస్తుంది.

11. మీ సొంత ఫైలు

ఊరి కాగితాల హడావుడిలో సొంత కాగితాలు వెనకబడతాయి. మూడు నెలలు నిండేలోపు ఇవి పూర్తయ్యాయో లేదో చూసుకోండి:

- సర్వీస్ రిజిస్టర్ తెరిచారా? పుట్టిన తేదీ, చేరిన తేదీ, పూర్వాహ్నమా అపరాహ్నమా, నామినీ వివరాలు సరిగ్గా ఉన్నాయా?
- సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) కింద ప్రాన్ నంబరు (శాశ్వత పెన్షన్ ఖాతా నంబరు) వచ్చిందా? జీతంలో కోసిన మొత్తం ఆ ఖాతాలో కనిపిస్తోందా?
- ప్రొబేషన్ ఎంతకాలమో, ఏ డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాయాలో నియామక ఉత్తర్వులోనే ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేయకండి. ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు ఆగేది ఇక్కడే.
- ఏటా జనవరి 15లోపు ఆస్తుల వివరాలు సమర్పించాలి. ఏమీ లేకపోయినా ఏమీ లేదని రాసి ఇవ్వాలి.
- శిక్షణకు పిలుపు వస్తే ఆ రోజుల్లో చార్జి ఎవరికిచ్చారో, మళ్లీ ఎప్పుడు తీసుకున్నారో కాగితం మీద పెట్టండి.

సర్వీస్ రిజిస్టర్‌లో ప్రతి ఎంట్రీ కింద అధికారి సంతకం, ముద్ర పడ్డాయో లేదో ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్లినప్పుడు సెక్షన్‌లో అడిగి చూడండి. చూసిన పేజీలకు ఒక జిరాక్స్ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి.